ఖాళీ ఇల్లు చూడని కన్ను

"ఐదు గంటల దాకా సూస్తా. ఆమీద ఒక్క నిమిషం గూడా ఆగేది లేదు, స్టేషనుకు పోయేదే," అన్నాడు ప్రతాప్.

అతని చేతిలో ఫోను టింగుమని మోగింది. గేటు దగ్గరి కెమెరా బెల్లు ముందు ఎవరో కదిలారని దాని అర్థం. ప్రతాప్ తెర వైపు చూడకుండానే నవ్వాడు.

"నీ తమ్ముడు కాలు మార్చుకోని కూసున్నట్టుండాడు, ఇంద్రాణీ. అంతకన్నా ఏం లేదులే."

ఇంద్రాణి వంటింటి గడప దగ్గర నిలబడి ఉంది. బావగారికి ఎదురు మాట్లాడే అలవాటు ఆమెకు లేదు. ఈ నాలుగు రోజుల్లో ఆ అలవాటు చేసుకోవాల్సి వచ్చింది.

"పొద్దున పదింటి నుంచీ ఆ బండమింద కూసోనుండాడు బావా. లోపలికి పిలిస్తే ఏమవుతాది?"

"పిలుస్తాం, పిలుస్తాం. స్టేషనోళ్లు పిలుస్తారు."

ఇంద్రాణి తమ్ముడు తిప్పేస్వామి రమ్మంటే వచ్చాడు. శాంతిపురం నుంచి బస్సులు మారి పుంగనూరు, అక్కడి నుంచి ఊళ్లోకి ఆటో. గేటు దాటక ముందే ప్రతాప్ అతని ఫోను తీసుకున్నాడు, ఎవరెవరితో మాట్లాడాడో చూడాలని. ఆ తర్వాత గేటు మూసుకుంది. అత్త సిద్ధమ్మ ఒక్కతే రెండు మార్లు చెంబుతో నీళ్లు తీసుకుపోయి ఇచ్చింది. అతను చేయెత్తి చెమట తుడుచుకున్నా, వీధి కుక్క అటుగా నడిచినా లోపల ఫోను మోగుతూనే ఉంది.

గుజ్జి పోయి నాలుగు రోజులు.

నడుమెత్తు కూడా లేని పుంగనూరు ఆవు అది. తెల్లటి ఒళ్లు, ఏడు నెలల చూలు. మామ వెంకటేశులుకు అది కొడుకుల కంటే ఎక్కువ. ఆషాఢంలో చిన్న కొడుకు, ఇంద్రాణి భర్త మల్లికార్జున దాన్ని అమ్మి బి.కొత్తకోట వైపు హార్స్లీ హిల్స్ దారిలో టిఫిన్ సెంటర్ పెడతానని అడిగితే, వెంకటేశులు తింటున్న సంగటి తట్టలోనే వదిలి లేచిపోయాడు. ఆ మాట ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

శుక్రవారం నాడు ఇంటిల్లిపాదీ కుప్పంలో నిశ్చితార్థానికి వ్యానులో పోయారు. మల్లికార్జున ఒక్కడే టమాటా లోడుతో మదనపల్లి మార్కెట్టుకు పోవాలని వాళ్లతో పోలేదు. సాయంత్రం తిరిగొచ్చేసరికి కొట్టంలో గుంజ ఉంది, పలుపు లేదు, ఆవు లేదు.

"నాయనా, నువ్వే ఆలోచన చెయ్యి," ప్రతాప్ తండ్రి వైపు తిరిగాడు. "కెమెరాలు రెండు. గేటుకు బెల్లు ఒకటి. శుక్రవారం మనం వ్యానెక్కినాంక మాపటేల దాకా నా ఫోనుకు ఒక్క అలర్టు రాలేదు. ఒక్కటంటే ఒక్కటి. బయటోడు వచ్చుంటే మోగదా? అంటే వచ్చినోడికి కెమెరా యాడుందో తెలుసు, యాడ కనపడదో తెలుసు. మన ఇంట్లో అది ఎవురికి సూపించినారు? దసరాకు వచ్చినప్పుడు ఈయమ్మే దగ్గరుండి వాళ్ల తమ్ముడికి సూపించింది."

"కొత్తగా పెట్టినారని మురిపెంగా సూపించినా బావా."

"వాడన్న మాట మర్సిపోయినావా? 'ఈ ఆవు బెంగుళూరులో నాలుగు లచ్చలు పలుకుతాది' అనలేదా, ఇదే వసారాలో నిలబడి?"

"నవ్వుతా అన్నాడు."

"నవ్వుతానే తోలకపోయినాడు."

వెంకటేశులు కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు. నాలుగు రోజులుగా ఆయన సరిగా తినలేదు. అలాగే కళ్లు మూసుకుని అన్నాడు.

"కాణిపాకం పోదాం. ఆ పిల్లోడు దేవుని ముందర ప్రమాణం సేస్తే సాలు. నేను నమ్ముతా."

ప్రతాప్ ఫోను నోటి దగ్గర పెట్టుకుని బొత్తాం నొక్కాడు. గేటు బెల్లులోంచి అతని మాట బయటికి పోతుంది. లేచి నలభై అడుగులు నడిస్తే ఆ మాట ముఖాముఖి అడగొచ్చు. అతను లేవలేదు.

"రేయ్, కాణిపాకంలో ప్రమాణం సేస్తావా?"

కొంచెం ఆగి ఫోనులోంచి తిప్పేస్వామి గొంతు వచ్చింది. బెల్లుతో మాట్లాడటం తెలియక గట్టిగా అరుస్తున్నాడు.

"సేస్తా బావా! నేను సేస్తా. ఇంట్లో అందురూ సేస్తారా మరి?"

తమ్ముడి గొంతు గోడకు అవతల నుంచి ఒకసారి, ఫోనులోంచి ఒకసారి, రెండు మార్లు వినిపించింది ఇంద్రాణికి. అడుక్కునేవాడి గొంతులా ఉంది.

"అందురూ ఏంటికి?" అన్నాడు మల్లికార్జున.

అప్పటిదాకా అతను స్తంభానికి ఆనుకుని గోరు కొరుక్కుంటూ ఉన్నాడు. అందరూ తన వైపు చూసేసరికి గొంతు తగ్గించాడు.

"ఏంటికింత రచ్చ అంటాండా. ఆవు పొయ్యింది పొయ్యింది. వదిలేయండి నాయనా. స్టేషనూ వద్దు, కాణిపాకమూ వద్దు."

"పెండ్లాం తమ్ముడని ఎనకేసుకోనొస్తాండావా?" అన్నాడు ప్రతాప్.

నాలుగు రోజుల్లో భర్త తన వైపు మాట్లాడింది ఇదే మొదలని ఇంద్రాణి అనుకుంది. ఆమె కళ్లు తడిశాయి. అతను చూస్తాడేమోనని చూసింది. అతను మళ్లీ గోరు కొరుక్కుంటున్నాడు.

స్కూటరు చప్పుడైంది. ఫోను టింగుమంది.

* * *

వచ్చింది జగదీష్. మదనపల్లిలో కెమెరాల షాపు అతనిది. ఈ ఇంటికి అన్నీ బిగించింది అతనే. భుజాన సంచీ, చేతిలో హెల్మెట్టు, ముఖంలో భయం. గేటు దగ్గర బండ మీద కూర్చున్న మనిషిని దాటుకుని రావడం అతనికి నచ్చలేదని తెలుస్తూనే ఉంది.

"నిన్నెవురు పిల్సినారప్పా?" అన్నాడు ప్రతాప్.

"అక్క ఫోన్ సేసింది గదన్నా..."

ప్రతాప్ ఇంద్రాణి వైపు తిరిగేలోపే సిద్ధమ్మ కొట్టం వైపు నుంచి చీపురుతో వచ్చింది.

"నేనే పిలవమన్నా. ఏం, నా ఇంటికి నేను మనిసిని పిల్సుకోకూడదా? నువ్వు లోపలికి రా నాయినా. కాఫీ తాగుతావా?"

ఇంద్రాణి అత్తవైపు చూసింది. సిద్ధమ్మకు ఆ ఫోను సంగతే తెలియదు. ఇంద్రాణి గొడ్లు కాసుకునే ఇంటి పిల్ల అని ఊరంతా మూతి తిప్పినప్పుడు కూడా ఇలాగే చీపురు చేత్తో పట్టుకుని ముందుకు వచ్చిన మనిషి ఆమె. డిగ్రీ చదివిన కోడలని పదిమందికి చెప్పుకున్నది కూడా ఆమె ఒక్కతే.

"అక్కా, ఏం సూడాల?" జగదీష్ రికార్డరును టీవీకి తగిలిస్తూ అడిగాడు.

"శుక్రవారం. పొద్దన్నుంచి."

టీవీలో వసారా కనిపించింది. శుక్రవారం పొద్దున. పట్టుచీరలు, పళ్ల తట్టలు, వ్యానెక్కడానికి తొందర. వెంకటేశులు గుజ్జి మెడ నిమిరి పోయాడు. మల్లికార్జున ట్రాక్టరు తీసుకుని ముందే వెళ్లిపోయాడు. చివరికి సిద్ధమ్మ ఒక్కతే మిగిలింది. తలుపుకు తాళం వేసింది. లాగి చూసింది. నడుముకు తాళాలగుత్తి దోపుకుని మెట్ల కిందికి నడిచింది.

టీవీ నల్లగా అయింది.

మళ్లీ బొమ్మ వచ్చేసరికి చీకటి పడింది. సిద్ధమ్మ మెట్ల కిందినుంచి వస్తోంది. వెనక అందరూ వ్యాను దిగుతున్నారు.

"ఇదేంది? మధ్యలో యాడికి పొయ్యింది?" అన్నాడు ప్రతాప్.

జగదీష్ తెర అడుగున ఉన్న నీలం గీతను చూపించాడు. పొద్దున తొమ్మిది పదికి అది తెగింది. సాయంత్రం ఆరూ నలభైకి మళ్లీ మొదలైంది.

"ముందురోజు సూపించు," అంది ఇంద్రాణి.

గురువారం. చెనిక్కాయ చెట్లు పీకడానికి అందరూ పొలానికి పోయిన రోజు. సిద్ధమ్మ తాళం వేసింది, లాగి చూసింది, మెట్ల కిందికి నడిచింది. నలుపు. మళ్లీ సిద్ధమ్మ. బుధవారం సంత. తాళం, నలుపు, సిద్ధమ్మ. ఎన్ని రోజులు వెనక్కి పోయినా అదే. ఇంట్లో మనుషులు ఉన్నంతసేపూ అన్నీ ఉన్నాయి. కాఫీలు, తిట్లు, ఎండబోసిన మిరపకాయలు. ఇల్లు ఖాళీ అయిన ఒక్క గంట కూడా అందులో లేదు.

"పెద్దమ్మా," జగదీష్ మెల్లగా అడిగాడు, "యాడికన్నా పోయేటప్పుడు మెయిన్ ఆపేస్తావా?"

"ఆపకుండా ఎట్ల పోతారప్పా?"

ఆమె ఆశ్చర్యంగా అడిగింది. ఆ ఇంట్లో అది అందరికీ తెలిసిన సంగతి. ఎంత తెలిసినదంటే, ఎవరికీ గుర్తు లేనంత. పద్దెనిమిదేళ్ల కిందట మీటరు పెట్టెలో నిప్పురవ్వ లేచి గడ్డివామి అంటుకుంది. వామి పక్కన కట్టేసిన ఎనుము అరుస్తూనే కాలిపోయింది. అప్పుడు ఇంట్లో ఎవరూ లేరు. ఆ రోజు నుంచి ఇల్లు కదిలితే సిద్ధమ్మ చేయి మిద్దె మెట్ల కింద ఉండే మెయిన్ హ్యాండిల్ కిందికి లాగుతుంది. ఫ్రిజ్జులో పాలు విరిగితే విరగనీ అంటుంది.

"దానికి సార్జి ఉండదా?" అంది సిద్ధమ్మ, కెమెరా వైపు చూస్తూ. "ఫోనుకి మాదిరి?"

"ఉండదు పెద్దమ్మా. కరెంటు ఉంటేనే అది సూసేది. నేను ఆ పొద్దే అన్నా, ఇన్వర్టరు పెట్టించుకోండి, దానికి కలుపుతానని. పెద్దాయన వద్దన్నాడు."

వెంకటేశులు కళ్లు తెరవలేదు.

"థూ!" ప్రతాప్ లేచి నిలబడ్డాడు. "ఇంత దుడ్డు పోసి నేను కెమెరాలు పెట్టిస్తే, దొంగలొచ్చే టయానికి నువ్వు దాని కన్ను మూస్తావా? నీకు బుద్ధుందా అమ్మా?"

"రేయ్! అమ్మను ఆ మాటంటావా?" వెంకటేశులు గర్జించాడు.

"అనక? ఊరోళ్లకు తెలిస్తే మొగంమీద నవ్వుతారు. మనల్ని మనమే ఫోటోలు తీసుకుంటా కూసున్నాం రెండు నెలలు!"

సిద్ధమ్మ చీపురు గోడకు ఆనించి, కింద కూర్చుంది. ఇంద్రాణి ఆమె ముఖం చూసింది. అత్తను ఇలా నిలబెడతానని తెలిస్తే జగదీష్‌ను పిలిచేది కాదేమో. అయినా తమ్ముడు బయట ఉన్నాడు. గోడ మీద గడియారం నాలుగుంబావు చూపిస్తోంది.

"బావా," అంది. "ఫోను మోగలేదు కాబట్టి బయటోళ్లు రాలేదంటివి. ఇప్పుడు తెలిసింది గదా, ఆ పొద్దు కెమెరానే లేదు. ఎవురైనా వచ్చుండచ్చు."

"ఎవురైనా అంటే నీ తమ్ముడు గూడా వచ్చుండచ్చు."

"అదే ఎట్ల..."

"ముందర వాడు కెమెరాకు కనపడకుండా వచ్చినాడనుకుంటి. ఇప్పుడు దర్జాగా వచ్చినాడని తెలిసింది. నువ్వు మంచిపనే సేసినావులే."

ఏ దారిన పోయినా ఆ ఇంట్లో చివరికి ఆ బండ దగ్గరికే చేరుతున్నారు.

జగదీష్ వైర్లు చుట్టుకోవడం మొదలుపెట్టాడు. చుడుతూ చుడుతూ ఆగాడు.

"అన్నా, గేటు బెల్లుకు కరెంటుతో పనిలేదు గదా."

"అంటే?"

"గేటు దాకా వైరు లాగాలంటే నేల తవ్వాల, వద్దన్నారని బ్యాటరీది పెట్టినా. వైఫై ఉంటే ఫోనుకు పంపిస్తాది. మెయిన్ ఆపితే వైఫై ఉండదు. అప్పుడు దాని లోపల ఉండే కార్డులో అదే దాచిపెట్టుకుంటాది. శుక్రవారం గేటు తీసినోడు ఎవురైనా అందులో ఉండాల."

మల్లికార్జున స్తంభం వదిలి ముందుకు వచ్చాడు.

"ఇప్పుడు దాన్ని యాల పీకేది? ఉండేది గూడా చెడిపోతాది."

"రెండు స్క్రూలే అన్నా," అన్నాడు జగదీష్, అప్పటికే గేటు వైపు నడుస్తూ.

* * *

బెల్లు తెచ్చి బల్ల మీద పెట్టాక అందరూ దాని చుట్టూ చేరారు. నల్లటి పలకలో పైన చిన్న గాజు కన్ను. ఆ కన్ను నిండా గంధం. గంధం మధ్యలో ఎండి గట్టిపడిన కుంకుమ బొట్టు.

"ఎవురు పెద్దమ్మా, ఇది?"

"ఆయుధపూజ నాడు నేనే పెట్టినా. ట్రాక్టరుకు పెట్టినా, మోటరు స్టార్టరుకు పెట్టినా, గ్రైండరుకు పెట్టినా. దీనికి మాత్రం పెట్టకుంటే ఎట్ల?"

"కన్నుకేనా పెట్టేది?"

"మనిసికి రెండు కండ్ల నడుమ పెడతాం. దీనికుండేదే ఒక కన్ను. యాడ పెట్టాల నాయినా?"

జగదీష్ నవ్వాపుకోలేకపోయాడు. వెంకటేశులు మీసం కూడా కదిలింది. నాలుగు రోజుల తర్వాత ఆ ఇంట్లో నవ్వు లాంటిది ఒక క్షణం పుట్టి, ప్రతాప్ ముఖం చూసి చచ్చిపోయింది.

"అంటే ఇందులో గూడా ఏం కనపడదు," అన్నాడు ప్రతాప్.

"కనపడదు. వినపడతాది."

జగదీష్ తన రుమాలుతో గాజును తుడిచాడు. కార్డు బయటికి తీసి చిన్న రీడరులో పెట్టి టీవీ వెనక దూర్చాడు. తేదీలు వరుసగా వచ్చాయి. శుక్రవారం కింద ఇంటివాళ్లు పోయినప్పటిదీ, వచ్చినప్పటిదీ కాక నడుమ ఒకటే ఉంది. పదకొండూ యాభై రెండు.

ఇంద్రాణి రెండు చేతులూ ముడుచుకుంది. దేవుడా, ఎవరిదైనా కానీ. ముక్కూ ముఖం తెలియని ఎవడిదైనా కానీ.

తెరంతా ఎర్రటి మసక. ఆ మసకలో ఒక నీడ అటూ ఇటూ కదిలింది. గేటు గొళ్లెం చప్పుడు. కాసేపు ఏమీ లేదు. తర్వాత గొళ్లేనికి కొంచెం దూరంగా, నాలుకను అంగిటికి తగిలించి కొట్టిన చప్పుడు. టక్, టక్.

"హో... బా..."

సాగదీసిన పిలుపు. దాని తర్వాత ఇంకో టక్. ఆ వెంటనే గిట్టల చప్పుడు, మెడలో గంట చప్పుడు, మెల్లగా దగ్గరై, మెల్లగా దూరమై. అయిపోయింది.

ముందుగా మాట్లాడింది వెంకటేశులు. ఆయన గొంతులో కోపం లేదు. అదే ఎక్కువ నొప్పి పెట్టింది.

"ఇది మీవాళ్ల పిలుపు గదమ్మా."

నిజమే. గుజ్జి ఈ ఇంటికి వచ్చిన కొత్తలో ఎవరినీ దగ్గరికి రానిచ్చేది కాదు. పాలకు కూర్చుంటే తన్నేది. ఇంద్రాణి కాపురానికి వచ్చిన వారంలో తన పుట్టింటి పిలుపుతో దాన్ని మచ్చిక చేసుకుంది. వరసగా మూడు టక్కులు, ఆ తర్వాత హో బా. ఆ పిలుపు వింటే ఎక్కడున్నా తలెత్తి వచ్చేది.

"ఇంకేం గావాల?" అన్నాడు ప్రతాప్. "తాడు గూడా లాగే పని లేకుండా, పిలిస్తే ఎంబడి పొయ్యింది."

గేటు తోసుకుని తిప్పేస్వామి వచ్చాడు. ఇప్పుడు బెల్లు బల్ల మీద ఉంది కాబట్టి ఏ ఫోనూ మోగలేదు. వసారా మెట్టు కింద నిలబడి, చెప్పులు వదిలి, చేతులు కట్టుకున్నాడు.

"అక్కా, ఎవురది పిల్సింది? టీవీలో ఇనపడింది. అట్ల పిలవకూడదు. మూడు టక్కులూ ముందరే పడాల. మూడోది ఎనక పడింది. మావాళ్లు ఎవురూ అట్ల పిలవరు."

"సూడండి నాయనా, సూడండి," ప్రతాప్ చప్పట్లు కొట్టాడు. "దొంగే టక్కులు లెక్కబెడతాండాడు."

"బావా, మాయమ్మ తోడు..."

"బయట కూసోపో! నేను పిలిస్తేనే రావాల."

తిప్పేస్వామి అక్క వైపు చూశాడు. ఇంద్రాణి అతని వైపు చూడటం లేదు. ఆమె చెవిలో ఆ మూడో టక్కు ఒక్కటే ఉంది.

పెళ్లయిన మొదటి నెల. కొట్టంలో ఇద్దరే. నాకూ నేర్పు అని మల్లికార్జున అడిగాడు. ఎన్నిసార్లు చెప్పినా రెండు టక్కులు కొట్టి తొందరపడేవాడు. హో అన్నాక గుర్తొచ్చి మూడోది కొట్టేవాడు. ఆమె గడ్డి మోపు మీద పడి నవ్వేది. "మూడోది మింగేస్తాండావు నువ్వు," అనేది. గుజ్జి మాత్రం ఆ తప్పు పిలుపుకూ అలవాటు పడిపోయింది. లోకంలో ఆ పిలుపును అలా పిలిచేవాడు ఒక్కడే ఉన్నాడు.

తిప్పేస్వామి మెట్టు దిగి, గేటు దాటి, మళ్లీ బండ మీద కూర్చున్నాడు.

"ఇంకోసారి పెట్టు," అంది ఇంద్రాణి.

జగదీష్ పెట్టాడు. టక్, టక్. హో... బా... టక్.

ఆమె భర్త వైపు తిరిగింది. మల్లికార్జున తన కాలి బొటనవేలు చూసుకుంటున్నాడు. వదిలేయండి అన్న మాట తన తమ్ముడి కోసం కాదని, తన కోసం అసలే కాదని ఆమెకు అప్పుడు తెలిసింది. కొద్దిసేపటి కిందట ఆ మాటకే తన కళ్లు తడిశాయి. అది తలుచుకుంటే సిగ్గేసింది.

"మల్లీ," అంది.

పెద్దవాళ్ల ముందు ఆమె అతన్ని పేరుపెట్టి పిలవడం అదే మొదటిసారి. వెంకటేశులు తలెత్తాడు.

"నువ్వొకసారి పిలువు."

"ఏంది?"

"గుజ్జిని పిల్సినట్టు. ఒక్కసారి."

"నాకేమొచ్చు అయ్యన్నీ?"

"వచ్చు. నేనే నేర్పినా."

ప్రతాప్ తమ్ముడి వైపు చూసి, ఇది మొగుడూ పెళ్లాల గొడవే అన్నట్టు చెయ్యి విదిలించాడు.

"సూసినావా నాయనా? తమ్ముని కోసరం మొగుని మిందికి తోస్తాండాది. ఇట్లాంటి ఇంటినుంచి తెచ్చుకుంటిమి."

"బావా, నేను ఒట్టి మాట అనలేదు. ఇంకోసారి ఇనండి. మామా, నువ్వు ఇను. ఆ గొంతు ఇను."

"అన్నా, ఒక పని సేయచ్చు," జగదీష్ రిమోటు అందుకున్నాడు. అతనికి ఇంటి సంగతులు తెలియవు, పని మాత్రం తెలుసు. "పిలిచేదాని ముందర ఏదో మాట గూడా అన్నట్టుండాడు. సౌండు పూర్తిగా పెంచితే గొంతు ఎవురిదో తెలిసిపోతాది."

ఇంద్రాణి అత్త వైపు చూసింది. ఇంక మిగిలింది ఆమె ఒక్కతే. తన మాట నమ్మని వాళ్లు సిద్ధమ్మ మాట నమ్ముతారు. కన్న కొడుకు గొంతు ఆమెకు తెలియకుండా ఉండదు.

సిద్ధమ్మ నేల మీదే కూర్చుని టీవీని చూస్తోంది. కొంగు నోటికి అడ్డంగా ఉంది. ఆమెకు తెలిసిపోయింది. ఇప్పుడు కాదు, మొదటిసారి విన్నప్పుడే తెలిసిపోయి ఉంటుంది. కోడలి చూపు తగిలి ఒక్కసారి ఇటు తిరిగింది. ఆ కళ్లలో ప్రేమ ఎక్కడికీ పోలేదు. అందుకే ఇంద్రాణికి కొంచెం ఆశ పుట్టింది.

"అత్తా. నువ్వు సెప్పు."

సిద్ధమ్మ గోడ పట్టుకుని లేచింది. మోకాళ్లు చప్పుడు చేశాయి. నడుముకు దోపుకున్న తాళాలగుత్తిని అలవాటుగా తడుముకుంది. వసారా దాటి మెట్లు దిగింది. తమ్ముడి దగ్గరికి పోతోందని, లోపలికి తీసుకొస్తుందని ఇంద్రాణి అనుకుంది.

జగదీష్ సౌండు పెంచాడు. ఎర్రటి మసక. గొళ్లెం చప్పుడు వసారా అంతా దద్దరిల్లింది. ఎవరో ఊపిరి తీసుకున్నారు. ఏదో మాట మొదలుపెట్టారు.

మెట్ల కింద హ్యాండిల్ ధడాలున కిందికి పడింది.

టీవీ ఆరిపోయింది. ఫ్రిజ్జు మోత ఆగిపోయింది. కెమెరా పక్కన ఎప్పుడూ వెలిగే ఎర్ర చుక్క కూడా పోయింది.

పద్దెనిమిదేళ్లలో సిద్ధమ్మ ఇంట్లో అందరూ ఉండగా మెయిన్ ఆపడం ఇదే మొదలు.

ఆమె మెల్లగా నడిచి వచ్చింది. గోడకు ఆనించిన చీపురు తీసుకుంది. కోడలి వైపు చూడలేదు, కొడుకు వైపు కూడా చూడలేదు.

"కరెంటు పొయ్యింది," అంది.

తన ఫోనులో వేసి వినిపించవచ్చని చెప్పడానికి జగదీష్ నోరు తెరిచాడు. ఆమె ముఖం చూసి నోరు మూసుకున్నాడు. సంచీ జిప్పు లాక్కుంటున్న చప్పుడు ఆ నిశ్శబ్దంలో చాలా పెద్దగా వినిపించింది.

గేటు అవతల నుంచి తిప్పేస్వామి పిలిచాడు. ఈసారి ఆ గొంతు ఒక్కసారే వినిపించింది.

"అక్కా, ఐదయిందా?"